కారు బాడీ కంట్రోల్ మాడ్యూల్ దోషనిర్ధారణ, మార్పిడి: తర్కశాస్త్ర దృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం

ఆధునిక కారులో దీపాలు, తలుపుల తాళాలు, వైపర్లు, కిటికీ అద్దాలు, హారన్ వంటివాటిని నడిపే ఎలక్ట్రానిక్ పరికరం బాడీ కంట్రోల్ మాడ్యూల్. వీటిలో ఏది పనిచేయకపోయినా తప్పును వెంటనే మాడ్యూల్‌పై మోపడం తరచుగా జరిగే పొరపాటు. దోషనిర్ధారణ ప్రధానంగా అనుమాన ప్రక్రియ. అందుచేత, తర్కసంగ్రహంలో అన్నంభట్టు నిరూపించిన ఐదు హేత్వాభాసాల ఆధారంగా ఈ పొరపాట్లను వర్గీకరించడం, మాడ్యూల్‌ను దోషిగా తేల్చేముందు జరపవలసిన పరీక్షలను, ఆ తరువాత మార్పిడిలో పాటించవలసిన క్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బాడీ కంట్రోల్ మాడ్యూల్, దోషనిర్ధారణ, అనుమానం, వ్యాప్తి, హేత్వాభాసం, క్యాన్ నెట్‌వర్క్, ఇమ్మొబిలైజర్.

1. ఉపోద్ఘాతం

ఒక కారులో తలుపుల తాళాలు వాటంతట అవే పడుతూ లేస్తూ ఉంటాయి. ఒక్కోసారి వైపర్లు ఆగవు. యజమాని కారును మెకానిక్ దగ్గరకు తీసుకువెళతాడు. స్కానర్ తగిలించగానే తెరమీద ఒక దోషసంకేతం కనిపిస్తుంది. ‘బీసీఎం పోయింది, మార్చాలి’ అన్న తీర్పు వెలువడుతుంది. కొత్త మాడ్యూల్ బిగించిన తరువాత కూడా తాళాలు అలాగే పడుతూ లేస్తూ ఉంటే, నష్టం యజమానిదే. ఒకసారి కారు వివరాలు ఎక్కించిన మాడ్యూల్‌ను దుకాణదారులు సాధారణంగా వెనక్కి తీసుకోరు. డబ్బు నష్టం ఒక్కటే కాదు, అసలు దోషం కారులోనే మిగిలిపోతుంది. అది బ్రేక్ దీపాలకు సంబంధించినదైతే వెనుక వచ్చే వాహనానికీ ప్రమాదమే.

ఇక్కడ లోపం పనిముట్లది కాదు, చేతి నేర్పుదీ కాదు. కనిపించిన లక్షణం నుంచి కనిపించని కారణానికి వెళ్ళిన దారి సరైనది కాకపోవడమే లోపం. ఈ దారినే భారతీయ తర్కశాస్త్రం అనుమానం అన్నది. తెలుగువాడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం నేటికీ ఈ శాస్త్రానికి తొలి పాఠ్యగ్రంథంగా ఉపయోగపడుతున్నది. అందులోని పరిభాష కారు మరమ్మతుకు ఎంతవరకు వెలుగు చూపగలదో పరిశీలించడానికి ముందు మాడ్యూల్ స్వరూపం తెలుసుకోవాలి.

2. మాడ్యూల్ స్వరూపం, పని

పాత కార్లలో స్విచ్చు నొక్కితే కరెంటు నేరుగానో, రిలే ద్వారానో దీపానికి చేరేది. దీపం వెలగకపోతే బల్బు, ఫ్యూజు, స్విచ్చు, వైరు, ఎర్త్ అనే అయిదింటిలో వెదికితే చాలు. సౌకర్యాలు పెరిగేకొద్దీ వైర్లు పెరిగాయి, వాటి బరువూ పెరిగింది. ఒకే జత వైర్లపై అనేక పరికరాలు పరస్పరం సమాచారం పంపుకొనే పద్ధతి దీనికి పరిష్కారంగా వచ్చింది. బాష్ సంస్థ 1983లో ప్రారంభించి 1986లో ప్రకటించిన క్యాన్ విధానం వీటిలో ప్రధానమైనది.

ఈ ఏర్పాటులో స్విచ్చు కేవలం మనవి చేస్తుంది, నిర్ణయం మాడ్యూల్‌ది. ఇండికేటర్ మీట కదిలినప్పుడు ఆ సమాచారం మాడ్యూల్‌కు చేరుతుంది. మాడ్యూల్ తనలోని ప్రోగ్రాం ప్రకారం దీపానికి కరెంటు పంపి, ఆపి, మళ్ళీ పంపుతుంది. ఇండికేటర్ టిక్‌టిక్ చప్పుడు కూడా అనేక కార్లలో ఇప్పుడు స్పీకరు నుంచే వస్తున్నది. చాలా వాహనాల్లో తాళంచెవిని గుర్తించి ఇంజన్‌ను అనుమతించే ఇమ్మొబిలైజర్ వ్యవస్థతో కూడా ఈ మాడ్యూల్‌కు సంబంధం ఉంటుంది.

కాబట్టి మాడ్యూల్ సక్రమంగా పనిచేయడానికి అయిదు అంగాలు కుదరాలి: బ్యాటరీ నుంచి వచ్చే సప్లై, ఎర్త్, స్విచ్చులు, సెన్సర్ల నుంచి వచ్చే ఇన్‌పుట్, ఇతర మాడ్యూళ్ళతో నెట్‌వర్క్ సంబంధం, కారుకు తగిన ప్రోగ్రాం. ఆరవది మాడ్యూల్‌లోని ఎలక్ట్రానిక్ భాగం. మొదటి అయిదింటిలో ఏది లోపించినా బయటికి కనిపించే లక్షణం ఆరవది లోపించినప్పటిలాగే ఉండవచ్చు. నిర్ధారణ కష్టమంతా ఇక్కడే ఉన్నది.

3. లక్షణానికి, కారణానికి వ్యాప్తి

పొగను చూసి కొండపై నిప్పు ఉన్నదని ఊహించడం తర్కశాస్త్రంలో సుప్రసిద్ధమైన ఉదాహరణ. పొగ హేతువు, నిప్పు సాధ్యం, కొండ పక్షం. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న నియమం వ్యాప్తి. ఇదే ఉదాహరణను తిరగవేసి, నిప్పు ఉన్నది కాబట్టి పొగ ఉన్నదంటే చెల్లదు. బాగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే నిప్పుతోపాటు తడి కట్టె కావాలి. ఇలా హేతువుకు చాటున ఉండి ఫలితాన్ని నిర్ణయించే అంశాన్ని ఉపాధి అన్నారు.

మాడ్యూల్ చెడితే దీపం వెలగదు. అంతమాత్రాన, దీపం వెలగలేదు కాబట్టి మాడ్యూల్ చెడిందని చెప్పడం చెల్లదు. సప్లై, ఎర్త్, ఇన్‌పుట్, నెట్‌వర్క్, ప్రోగ్రాం అన్నీ సరిగా ఉన్నప్పుడు మాత్రమే దీపం వెలగకపోవడం మాడ్యూల్ దోషానికి గుర్తు అవుతుంది. ఈ నియమాన్ని కలుపుకోకుండా లక్షణాన్ని ఒక్కదాన్నే హేతువుగా తీసుకుంటే అది ఉపాధితో కూడిన హేతువు. పరీక్షలన్నీ ఈ ఉపాధిని తొలగించడానికే.

4. అయిదు హేత్వాభాసాలు, అయిదు పొరపాట్లు

హేతువులా కనిపిస్తూ హేతువు కానిది హేత్వాభాసం. తర్కసంగ్రహం చెప్పిన అయిదు హేత్వాభాసాలకూ మరమ్మతు రంగంలో ఉదాహరణలు దొరుకుతాయి.

4.1 సవ్యభిచారం: సాధ్యం లేనిచోట కూడా హేతువు ఉండటం. ఇండికేటర్ వేగంగా కొట్టుకుంటున్నది కాబట్టి మాడ్యూల్ చెడిందన్న వాదం ఇటువంటిది. మామూలు బల్బు స్థానంలో తక్కువ కరెంటు తీసుకొనే ఎల్‌ఈడీ బల్బు పెట్టినప్పుడు కూడా అనేక కార్లలో ఇండికేటర్ వేగంగానే కొట్టుకుంటుంది. కరెంటు తగ్గడాన్ని మాడ్యూల్ బల్బు కాలిపోయిన గుర్తుగా గ్రహిస్తుంది. అక్కడ మాడ్యూల్ తన పని సక్రమంగానే చేస్తున్నది.

4.2 విరుద్ధం: హేతువు సాధ్యానికి వ్యతిరేకమైనదాన్ని నిరూపించడం. మాడ్యూల్ పూర్తిగా నిర్జీవమైంది, ఎందుకంటే ఒక దీపం సర్క్యూట్‌లో షార్ట్ ఉన్నదని అది ఈరోజు కొత్త సంకేతం నమోదు చేసింది అన్న మాట దీనికి ఉదాహరణ. నిర్జీవమైన మాడ్యూల్ ఏ సంకేతాన్నీ నమోదు చేయలేదు. సంకేతం చూపే దిశ మాడ్యూల్ వైపు కాదు, దీపం సర్క్యూట్ వైపు.

4.3 సత్ప్రతిపక్షం: ఒక హేతువుకు ఎదురుగా అంతే బలమైన మరో హేతువు నిలవడం. ఒక ఔట్‌పుట్‌లో వోల్టేజీ లేదు కాబట్టి మాడ్యూల్ చెడిందని ఒక వాదం. అదే మాడ్యూల్ తక్కిన పనులన్నీ చేస్తున్నది కాబట్టి చెడలేదని మరో వాదం. ఎటూ తేల్చకుండా కొత్త పరీక్ష చేయడమే ఇక్కడ మార్గం. బయట షార్ట్ ఉన్నప్పుడు తనను తాను కాపాడుకోవడానికి ఆ ఒక్క ఔట్‌పుట్‌ను ఆపివేసే ఏర్పాటు ఇప్పటి మాడ్యూళ్ళలో ఎక్కువగా ఉంటున్నది. ఆ సంగతి తెలిస్తే రెండు వాదాలకూ సమన్వయం కుదురుతుంది.

4.4 అసిద్ధం: హేతువు పక్షంలో అసలు లేకపోవడం. వెనుక తలుపు లోపలినుంచి తెరుచుకోవడం లేదు, కాబట్టి సెంట్రల్ లాకింగ్ నడిపే మాడ్యూల్ చెడిందని ఫిర్యాదు వస్తుంది. పిల్లల భద్రత కోసం తలుపు అంచున ఉండే చైల్డ్ లాక్ వేసి ఉన్నదని తరువాత తెలుస్తుంది. లాకింగ్‌లో లోపమన్న హేతువే అక్కడ లేదు. ఫిర్యాదును స్వయంగా పరీక్షించి చూడనిచోట ఈ దోషం పుడుతుంది.

4.5 బాధితం: మరింత బలమైన ప్రమాణం సాధ్యాన్ని ముందే తోసిపుచ్చడం. హారన్ మోగడం లేదు, ఔట్‌పుట్ రావడం లేదన్న ఊహతో మాడ్యూల్‌ను తప్పుపడతారు. హారన్ నొక్కినప్పుడు మాడ్యూల్ పంపే ఆజ్ఞతో రిలే సక్రమంగా పడి, హారన్ కనెక్టర్ దగ్గర 12 వోల్టులు కనిపిస్తే, ఆ అనుమానాన్ని ప్రత్యక్షం బాధించినట్టే. దోషం హారన్‌లోనో దాని ఎర్త్‌లోనో ఉన్నది.

5. పరీక్షాక్రమం

పై పొరపాట్లకు తావులేని పరీక్షలు సులభమైన వాటితో మొదలై మాడ్యూల్‌తో ముగుస్తాయి.

మొదట ఫిర్యాదును స్వయంగా చూడాలి. అది ఎప్పుడు కనిపిస్తున్నదో, వర్షం తరువాతనా, గతుకుల్లోనా, కొత్త హారన్, ఫాగ్ ల్యాంపులు, మ్యూజిక్ సిస్టమ్ వంటివి బిగించిన తరువాతనా అని అడిగి తెలుసుకోవాలి. మాడ్యూల్ చాలా కార్లలో డ్యాష్‌బోర్డు కిందనో, కాళ్ళ దగ్గర పక్క ప్యానెల్ వెనుకనో ఉంటుంది. అక్కడి కార్పెట్ తడిగా ఉంటే నీరు దిగిన దారి వెదకాలి. దారి మూయకుండా మాడ్యూల్ మార్చినా కొత్తదానికీ అదే గతి పడుతుంది.

రెండవది బ్యాటరీ. ఇంజన్ ఆపి విశ్రాంతిలో ఉంచిన మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. వోల్టేజీ బాగా తగ్గినప్పుడు ఒకదానితో ఒకటి సంబంధంలేని అనేక మాడ్యూళ్ళు సంకేతాలు నమోదు చేస్తాయి. వాటిని చూసి ప్రతిదాన్నీ అనుమానించడం వృథా.

మూడవది సప్లై, ఎర్త్. మాడ్యూల్‌కు ఒకటికంటే ఎక్కువ ఫ్యూజుల ద్వారా సప్లై వస్తుంది. ఒక ఫ్యూజు బాగున్నంతమాత్రాన అన్నీ బాగున్నట్టు కాదు. ఎర్త్‌ను కేవలం ఓమ్ మీటరుతో చూస్తే సరిపోదు. ఒకే ఒక పోగు మిగిలిన తెగిన వైరు కూడా మీటరుకు బాగున్నట్టే కనిపిస్తుంది. దీపాలు, మోటార్లు పనిచేస్తున్న సమయంలో మాడ్యూల్ ఎర్త్ పిన్నుకు, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు మధ్య వోల్టేజీ కొలవాలి. అది 0.1 వోల్టు లోపల ఉంటే ఎర్త్ బాగున్నట్టు పరిగణించడం వాడుక. ఎక్కువైతే మొదట బాగుచేయవలసింది ఎర్త్‌నే.

నాలుగవది నెట్‌వర్క్. హైస్పీడ్ క్యాన్‌లో రెండు చివరల 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ విప్పి, డయాగ్నస్టిక్ సాకెట్‌లోని 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే సుమారు 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక రెసిస్టర్‌కు సంబంధం తెగిందని, సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లు కలిసిపోయాయని అర్థం. సాకెట్ వెనుక గేట్‌వే మాడ్యూల్ ఉన్న కార్లలో ఈ కొలత లోపలి నెట్‌వర్క్‌ను చూపకపోవచ్చు. అప్పుడు వైరింగ్ పటం ఆధారంగా లోపలి కనెక్టర్ల దగ్గరే కొలవాలి.

అయిదవది స్కానర్. దోషసంకేతం శబ్దప్రమాణం వంటిది. దాన్ని విలువగల సాక్ష్యంగా స్వీకరించాలి కాని దాని అర్థాన్ని సరిగా గ్రహించాలి. యు0140 అనే సంకేతం బాడీ కంట్రోల్ మాడ్యూల్‌తో సంబంధం తెగిందని చెబుతుంది. ఆ మాడ్యూల్ చెడిందని చెప్పదు. పొరుగింటివారు పలకడం లేదంటే వారు లేరని కాదు, మధ్య గోడ ఉండవచ్చు. స్కానర్‌లోని లైవ్ డేటా ఇంకా ఉపయోగకరం. తలుపు తెరిచినప్పుడు తెరమీద ‘తెరిచి ఉంది’ అని మారితే స్విచ్చు నుంచి మాడ్యూల్ వరకు దారి బాగున్నట్టే. ఆ తరువాత స్కానర్ నుంచే దీపం వెలిగించమని ఆజ్ఞ ఇచ్చి, మాడ్యూల్ ఔట్‌పుట్ పిన్ను దగ్గర కొలవాలి. అక్కడ వోల్టేజీ ఉంటే దోషం ఆ పిన్నుకు అవతల ఉన్నది. లేకపోతే అసలు దీపాన్ని, దాని వైరింగ్‌ను వేరుచేసి, అంతే వాటేజీగల మరో బల్బును పిన్ను దగ్గర తాత్కాలికంగా కలిపి మళ్ళీ ఆజ్ఞ ఇవ్వాలి. ఇప్పుడు వెలిగితే దోషం వైరింగ్‌లోని షార్ట్. అప్పటికీ వెలగకపోతే అనుమానం మాడ్యూల్‌పై నిలుస్తుంది. చివరగా, కారులోని ప్రోగ్రాం, కాన్ఫిగరేషన్ ఆ వాహనానికి చెందినవేనా, తయారీ సంస్థ కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల చేసిందా అన్నది చూడాలి.

ఇన్ని మెట్లు ఎక్కిన తరువాత తీర్పును పంచావయవ వాక్యంగా చెప్పవచ్చు. ఈ మాడ్యూల్ దోషయుక్తమన్నది ప్రతిజ్ఞ. సప్లై, ఎర్త్, ఇన్‌పుట్, నెట్‌వర్క్, ప్రోగ్రాం సరిగా ఉండి, బయటి వైరింగ్ వేరుచేసినా ఔట్‌పుట్ లేకపోవడం హేతువు. ఇవన్నీ సరిగా ఉండి ఔట్‌పుట్ ఇవ్వనిది దోషయుక్తం, ఇదివరకు పరీక్షించిన చెడిన మాడ్యూల్ వలె అన్నది ఉదాహరణ. ఇదీ అటువంటిదే అన్నది ఉపనయం. కాబట్టి ఇది దోషయుక్తం అన్నది నిగమనం. ఈ అయిదూ చెప్పలేనప్పుడు మాడ్యూల్ కొనమనడం తొందరపాటు.

6. ఒక ప్రసిద్ధ ఉదాహరణ

అమెరికాలో జనరల్ మోటర్స్ సంస్థ 2014 మే నెలలో సుమారు 24 లక్షల కార్లను రీకాల్ చేసింది. 2004-2012 మధ్య నమూనాలకు చెందిన షెవ్రొలే మాలిబు, మాలిబు మ్యాక్స్, పాంటియాక్ జీ6, శాటర్న్ ఆరా కార్లు వీటిలో ఉన్నాయి. బ్రేక్ తొక్కినప్పుడు వెనుక దీపాలు వెలగకపోవడం, తొక్కకపోయినా వెలగడం వీటిలో కనిపించిన లక్షణం. క్రూయిజ్ కంట్రోల్, ట్రాక్షన్ కంట్రోల్ వంటి వ్యవస్థలూ దెబ్బతినవచ్చునని సంస్థ తెలిపింది. ఈ దీపాలను వెలిగించేది బాడీ కంట్రోల్ మాడ్యూలే కనుక పైచూపుకు దోషి అదే.

పరిశీలనలో తేలినది వేరు. మాడ్యూల్ కనెక్టర్‌లోని పిన్నులు కాలక్రమంలో సూక్ష్మంగా ఒరుసుకొని, తుప్పుపొర ఏర్పడి, అక్కడ నిరోధం పెరిగింది. బ్రేక్ పెడల్ స్థితిని తెలిపే సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజీ హెచ్చుతగ్గులకు లోనయింది. మాడ్యూల్ తనకు అందిన తప్పుడు సమాచారాన్ని నమ్మి దీపాలను తప్పుగా నడిపింది. మరమ్మతులో భాగంగా కనెక్టర్‌కు విద్యుద్వాహకం కాని ప్రత్యేకమైన గ్రీజు పూసి, పెడల్ విశ్రాంతి స్థానాన్ని మాడ్యూల్‌కు మళ్ళీ నేర్పించారు. ఇటువంటి లోపానికే 2009లో కొన్ని వేల పాంటియాక్ జీ6 కార్లను అంతకుముందే రీకాల్ చేశారు. ఇన్ని లక్షల కార్లలో మాడ్యూళ్ళన్నిటినీ మార్చి ఉంటే, కొత్త కనెక్షన్ కుదిరినన్నాళ్ళు దీపాలు వెలిగి, అదే చోట మళ్ళీ తుప్పు చేరే అవకాశం మిగిలేది. మార్చగానే బాగుపడినంతమాత్రాన నిర్ధారణ సరైనదని చెప్పలేమన్నది ఈ ఉదాహరణ నేర్పే పాఠం.

7. మార్పిడి

మాడ్యూల్ దోషయుక్తమని తేలిన తరువాత చేసే పనిలో స్పానరుతో చేసేది చాలా తక్కువ. పాత మాడ్యూల్ బల్బు వంటిది కాదు. ఆ కారు వాహన గుర్తింపు సంఖ్య, కారులో ఉన్న సౌకర్యాల వివరాలు, అనేక కార్లలో తాళంచెవుల సమాచారం, కొన్నిటిలో కారు తిరిగిన కిలోమీటర్ల లెక్క అందులో ఉంటాయి. కాబట్టి మొదటి పని, పాత మాడ్యూల్ ఇంకా మాట్లాడుతున్నట్లయితే ఈ సమాచారాన్ని స్కానర్‌తో చదివి భద్రపరచడం. అది పూర్తిగా నిర్జీవమైతే తయారీ సంస్థ వద్ద ఉన్న సమాచారమే ఆధారం. ఫోర్డ్ సంస్థ ‘యాజ్ బిల్ట్’ పేరుతో వాహన గుర్తింపు సంఖ్య ఆధారంగా ఇటువంటి వివరాలు అందిస్తుంది.

తరువాత బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, తయారీ సంస్థ చెప్పినంతసేపు ఆగాలి. డ్యాష్‌బోర్డు పరిసరాలలో ఎయిర్‌బ్యాగ్ వైరింగ్ ఉంటుంది కనుక ఈ జాగ్రత్త తప్పనిసరి. పిన్నులను చేతితో ముట్టకుండా మాడ్యూల్‌ను పట్టుకోవాలి. శరీరంలోని స్థిరవిద్యుత్తు ఎలక్ట్రానిక్ భాగాలను దెబ్బతీయగలదు. కొత్తది బిగించే ముందు పార్ట్ నంబరు సరిచూసి, కనెక్టర్ పిన్నులు వంగాయా, తుప్పు పట్టాయా అని పరిశీలించాలి.

ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు బ్యాటరీకి తగిన స్థిరమైన సప్లై కలపాలి. మధ్యలో వోల్టేజీ పడిపోతే కొత్త మాడ్యూల్ పనికిరాకుండా పోవచ్చు. ఆపై కాన్ఫిగరేషన్ రాయాలి. సన్‌రూఫ్ లేని కారుకు ఉన్నదని రాస్తే లేని దోషానికి కొత్త సంకేతాలు పుడతాయి. ఇమ్మొబిలైజర్‌తో తాళంచెవులను పరిచయం చేయాలి. దీనికి యాజమాన్య రుజువు, తయారీ సంస్థ అనుమతి కావలసి రావడం దొంగతనం నుంచి కాపాడే ఏర్పాటే. కిటికీ అద్దాల హద్దులు, బ్రేక్ పెడల్ స్థానం వంటివాటిని అవసరమైన కార్లలో తిరిగి నేర్పించాలి. కిలోమీటర్ల లెక్కను ఉన్నది ఉన్నట్టుగా బదిలీ చేయడం నైతిక బాధ్యత మాత్రమే కాదు, దాన్ని తగ్గించడం కొనుగోలుదారును మోసగించడం.

పాత సామాను మార్కెట్లో తక్కువ ధరకు దొరికే వాడిన మాడ్యూల్ విషయంలో ఇంకో చిక్కు ఉన్నది. అనేక తయారీదారుల మాడ్యూళ్ళు మొదటి కారు గుర్తింపు సంఖ్యకు ముడిపడి ఉంటాయి. అది విడిపోతుందో లేదో కొనకముందే తెలుసుకోవాలి.

చివరి మెట్టు మళ్ళీ పరీక్షే. సంకేతాలన్నిటినీ తుడిచి, ప్రతి దీపాన్ని, తాళాన్ని, వైపర్‌ను నడిపి చూడాలి. తరువాత కారు తాళంవేసి మాడ్యూళ్ళు నిద్రావస్థకు చేరేవరకు ఆగి బ్యాటరీ నుంచి పోయే కరెంటు కొలవాలి. అది సుమారు 50 మిల్లీఆంపియర్ల లోపల ఉండటం సాధారణ ప్రమాణం. అంతకంటే ఎక్కువగా నిలిచిపోతే ఏదో ఒకటి మేలుకొనే ఉన్నదని, కొద్దిరోజుల్లో బ్యాటరీ దిగిపోతుందని గ్రహించాలి.

ఈ పనులలో చాలావాటికి తయారీ సంస్థల సాఫ్ట్‌వేర్, వైరింగ్ పటాలు అవసరం. అవి అధీకృత కేంద్రాలకే పరిమితమైనచోట స్వతంత్ర మెకానిక్ సగం ప్రమాణాలతోనే తీర్పు చెప్పవలసి వస్తున్నది. భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన మరమ్మతు హక్కు పోర్టల్‌లో వాహన రంగం కూడా ఉండటం ఈ దృష్ట్యా గమనించదగినది. తప్పుడు నిర్ధారణకు మెకానిక్ తొందరపాటు ఎంత కారణమో, అందుబాటులో లేని సమాచారం కూడా అంతే కారణం.

8. ముగింపు

బాడీ కంట్రోల్ మాడ్యూల్ విషయంలో సులభంగా చేసే పొరపాటు, చివర చెప్పవలసిన మాట మొదటే చెప్పడం. సప్లై, ఎర్త్, ఇన్‌పుట్, నెట్‌వర్క్, ప్రోగ్రాం అనే అయిదింటిని విచారించి విడిచిపెట్టిన తరువాతే మాడ్యూల్ దోషి అవుతుంది. మార్పిడి కూడా బిగించడంతో ముగియదు. పాత మాడ్యూల్‌లోని గుర్తింపును కొత్తదానికి అప్పగించి, పనిని తిరిగి పరీక్షించినప్పుడే అది పూర్తి అవుతుంది.

అన్నంభట్టు చెప్పిన హేత్వాభాసాలు కేవలం వాదసభలకు ఉద్దేశించినవి కావని ఈ పరిశీలన తెలుపుతున్నది. తర్కసంగ్రహం బోధించే తరగతిలో పొగ, నిప్పు పక్కన వెలగని బ్రేక్ దీపాన్ని కూడా ఉదాహరణగా నిలిపితే, వ్యాప్తి తెలియకుండా చెప్పిన తీర్పుకు మూల్యం ఎవరు చెల్లిస్తారో విద్యార్థికి తేలికగా బోధపడుతుంది.